పారిస్ నుంచి ఒక్కరోజులో షాంపేన్ హౌస్, సెల్లార్లు చూడాలంటే: రీమ్స్ వెళ్లాలా, ఎపెర్నే వెళ్లాలా?

ప్రయాణపుసంచి

జూన్ రెండో వారంలో పారిస్‌లో ఉంటున్నాం. అందులో ఒక రోజు షాంపేన్ ప్రాంతానికి పెట్టుకున్నాం. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయాలి. నలుగురం: ఇద్దరం తాగుతాం, ఒకరు అసలు ముట్టరు, ఇంకొకరికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కువైతే కష్టం.

ఒకరు రీమ్స్ అంటారు, ఇంకొకరు ఎపెర్నే అంటారు. టూర్ల పేజీలు చూస్తే అన్నీ ఒకటే పాట: సెల్లార్లు (నేల కింద వైను దాచే చోట్లు), హౌస్ (షాంపేన్ చేసే కంపెనీ) చరిత్ర, చివర్లో ఒక గ్లాసు. అసలు తేడా ఎక్కడుంది? రైలు చాలా, కారు కావాలా? కిందకి దిగాక దేన్ని గమనించాలి? గైడ్ చెప్పిందానికల్లా తలూపి పైకొచ్చేయడం ఇష్టం లేదు. వీలైతే రెండు మూడు సీసాలు కొనాలని కూడా ఉంది.

రైలుగీత

కారు వద్దండి. ఫ్రాన్స్‌లో బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములకు చేరకూడదు. లైసెన్స్ కొత్తగా వచ్చినవాళ్లకి ఆ హద్దు 0.2 గ్రాములే. అక్కడి లెక్కలో 12 శాతం వైను 10 సెంటీలీటర్లు పోస్తే అది ఒక గ్లాసు, అందులో ఆల్కహాల్ 10 గ్రాములు. రెండు టూర్లలో రెండేసి గ్లాసులు పుచ్చుకున్నాక స్టీరింగ్ ముట్టుకునే మాటే లేదు. తాగనివారి చేత నడిపించవచ్చు గానీ, రోజంతా ఆయన్ని డ్రైవరు చేయడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఊళ్ల మధ్యలోకే రైలుంది.

రెండు ఊళ్లకీ పారిస్‌లో ఎక్కాల్సిన స్టేషన్ ఒకటే, గార్ ద లెస్ట్. రీమ్స్‌కి టీజీవీలో, అంటే వేగంగా పోయే రైల్లో, 45 నిమిషాలు. ఎపెర్నేకి టీఈఆర్‌లో, అంటే మామూలు ప్రాంతీయ రైల్లో, గంటంపావు, కాస్త అటూ ఇటూ. రీమ్స్, ఎపెర్నేల మధ్య కూడా టీఈఆర్‌లు తిరుగుతాయి, అరగంట పైచిలుకు ప్రయాణం. టీజీవీ టికెట్ మీరు బుక్ చేసిన రైలుకే పనికొస్తుంది, ఆలస్యంగా కొంటే ధర పెరుగుతుంది. టీఈఆర్‌లో సీటు నంబరు ఉండదు, ధర కూడా పెద్దగా మారదు. అందుకని పొద్దున టీజీవీ పట్టుకుని రీమ్స్ వెళ్లి, సాయంత్రం ఎపెర్నే నుంచి టీఈఆర్‌లో తిరిగొచ్చే ఏర్పాటు సుఖం. టూర్ అరగంట సాగినా రైలు పోతుందన్న భయం ఉండదు.

కొత్తవాళ్లు పడే పొరపాట్లు రెండున్నాయి. మొదటిది, రీమ్స్‌కి రెండు స్టేషన్లు. మీరు దిగాల్సింది రీమ్స్ సెంటర్‌లో. షాంపేన్-ఆర్డెన్ టీజీవీ అనేది ఊరి బయట బెజాన్‌లో ఉంది, అక్కడ దిగితే ట్రామ్ ఎక్కి ఊళ్లోకి రావాలి. షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చేవాళ్లకి మాత్రం అదే దగ్గర దారి. రెండోది ఊరి పేరు. రైల్లో అనౌన్స్‌మెంట్‌లో 'రీమ్స్' అని ఎక్కడా వినపడదు. ఫ్రెంచివాళ్లు దాన్ని ముక్కుతో 'రాన్స్' అంటారు. చెవులు రిక్కించి రీమ్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రైలు వెళ్లిపోతుంది.

రీమ్స్ సెంటర్ నుంచి మమ్ హౌస్‌కి నడిచి పావుగంట. సుద్ద గుహలున్న సెన్-నికేజ్ గుట్ట మాత్రం ఊరికి అవతలి కొసన, దాదాపు 3 కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు సిటీ బస్సో ట్యాక్సీయో చూసుకోండి. ఎపెర్నేలో స్టేషన్ నుంచి పెద్ద హౌస్‌లుండే వీధి, అవెన్యూ ద షాంపేన్ మొదటికి పది నిమిషాల లోపే. మోయెట్ ఎ షాందోన్ 20వ నంబరు, అంటే మొదట్లోనే. మెర్సియే 68వ నంబరు, పై కొసన. అక్కడిదాకా కొంచెం ఎత్తు ఎక్కాలి.

ఒంటిగంట టూరు మాత్రం బుక్ చేయకండి. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా చిన్న హౌస్‌లు చాలావరకు మూసేస్తాయి. హోటళ్లలో కూడా వంటగది 2 దాటితే కట్టేస్తారు. పొద్దున పదిన్నరకి ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి పెట్టుకుంటే భోజనం కుదురుతుంది. జూన్ అంటే ఇంగ్లిష్ టూర్లు కొన్ని వారాల ముందే నిండిపోతాయి, కాబట్టి ముందు హౌస్ స్లాటు ఖాయం చేసుకుని ఆ తర్వాతే టీజీవీ కొనండి. గుంపు కిందకి దిగిపోయాక ఆలస్యంగా వచ్చినవాళ్లని చేర్చుకోరు. పది పదిహేను నిమిషాల ముందే గేటు దగ్గర ఉండండి.

సుద్దగని

మీ అసలు ప్రశ్న తేడా ఎక్కడుందని. అది బ్రాండులో లేదు, కింద ఉన్న గుహ రకంలో ఉంది.

రీమ్స్‌లో సెన్-నికేజ్ గుట్ట కింద ఉన్నవి 'క్రెయ్యేర్'లు, అంటే సుద్దరాయి గనులు. శతాబ్దాల కిందట ఇళ్లూ గోడలూ కట్టడానికి రాయి తవ్వి తీసిన గోతులు. పైన మూతి ఇరుకు, లోపలికి పోయేకొద్దీ వెడల్పు. గరాటుని బోర్లించినట్టుంటుంది. అడుగున నిలబడి తలెత్తితే ఎక్కడో పైన చిన్న వెలుతురు ముక్క కనిపిస్తుంది. గోడల మీద గునపం గాట్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. రువినార్, పొమ్మెరీ, టైటింగే, వవ్ క్లికో, షార్ల్ హైడ్‌సీక్ అందరివీ ఈ గుట్ట కిందే. లోతు 18 నుంచి 40 మీటర్ల మధ్య, చోటుని బట్టి మారుతుంది.

ఎపెర్నేలో ఉన్నవి గనులు కావు. కేవలం సీసాలు పెట్టుకోవడానికే 18వ శతాబ్దం నుంచి తొలిచిన సొరంగాలు. బారుగా, ఒకదానికొకటి అడ్డంగా, వీధుల్లా ఉంటాయి. మోయెట్‌వి 28 కిలోమీటర్లు. ఆశ్చర్యం వేసేది ఎపెర్నేలో పొడవు చూసి, రీమ్స్‌లో ఎత్తు చూసి. రెండింట్లో ఒకటే చూడగలిగితే నా ఓటు రీమ్స్ గుహలకే. సొరంగంలో పది నిమిషాలు నడిచాక మిగతాదంతా ఒకేలా ఉంటుంది, క్రెయ్యేర్‌లో గొయ్యి గొయ్యికీ ఆకారం మారుతుంది. 2015లో యునెస్కో జాబితాకెక్కినప్పుడు ఈ గుట్ట, ఎపెర్నే అవెన్యూ, ఓవీలే, ఆయీ ప్రాంతపు ద్రాక్షతోటలు కలిపి ఒకే పేరు కింద చేరాయి.

సుద్దరాయే ఎందుకంటే, అది మెత్తన, గునపంతో తవ్వచ్చు. స్పాంజిలా నీళ్లు పీల్చి పట్టుకుంటుంది కనక గుహలో తేమ ఏడాదంతా తగ్గదు. వేడి కూడా 10 నుంచి 12 డిగ్రీల మధ్యే నిలిచి ఉంటుంది, పైన ఎండాకాలమైనా మంచు కురుస్తున్నా. మీకు దీని అర్థం ఏంటంటే, జూన్ ఎండలో చొక్కాతో వచ్చినా సంచిలో ఒక స్వెటర్ ఉండాలి. నేల తడిగా ఉంటుంది, నున్నటి అడుగున్న చెప్పులు జారతాయి. కింద ఫోన్ సిగ్నల్ ఉండదు. పెద్ద సూట్‌కేసులు లోపలికి తీసుకుపోనివ్వరు, హౌస్ దగ్గర దాచే చోటుందో లేదో ముందే కనుక్కోండి.

మెట్ల సంగతి జాగ్రత్తగా చూడండి. పొమ్మెరీలో ఒకే బారులో 116 మెట్లు. చూడ్డానికి మహా అందంగా ఉంటుంది గానీ దిగినన్నీ మళ్లీ ఎక్కాలి కదా. 1868 నుంచి మదాం పొమ్మెరీ 120 దాకా గోతుల్ని సొరంగాలతో కలిపించి 18 కిలోమీటర్ల సెల్లార్ చేయించింది. సుద్దగోడల మీద గుస్తావ్ నావ్లే చెక్కిన పెద్ద పెద్ద బొమ్మలూ, మధ్యమధ్యలో కొత్త శిల్పాలూ ఉంటాయి. మీలో తాగనివారికి అన్నిటికంటే నచ్చేది ఇదే. టైటింగేలో లోతు 18 మీటర్లు. పైన 13వ శతాబ్దంలో కట్టిన సెన్-నికేజ్ మఠం ఉండేది, ఫ్రెంచి విప్లవం తర్వాత కూల్చేశారు. దాని నేలమాళిగల కమానులు సుద్ద గోతులతో కలిసిపోయి కనిపిస్తాయి.

మోకాళ్లకి అన్నిటికంటే అనుకూలం మెర్సియే. 30 మీటర్లు లిఫ్టులో దిగి, కింద చిన్న రైల్లో తిరుగుతారు. పైన హాల్లో 1889 పారిస్ ప్రదర్శనకి 24 ఎద్దుల చేత లాగించుకుపోయిన బ్రహ్మాండమైన పీపా ఉంది, రెండు లక్షల సీసాల వైను పట్టేది. కొంచెం తిరునాళ్ల వాలకమే గానీ అది తప్పు కాదు. ఏ హౌస్ అయినా మరమ్మతుల కోసం నెలలకి నెలలు మూసేసిన సందర్భాలున్నాయి, కాబట్టి మీ తేదీకి స్లాట్లు తెరిచి ఉన్నాయో లేదో బుకింగ్ పేజీలోనే నిర్ధారించుకోండి. పెద్ద హౌసుల్లో అందరూ మామూలు సందర్శకులకి తలుపు తీయరన్నది కూడా గుర్తుంచుకోండి, కొందరు వ్యాపారులకే చూపిస్తారు.

మడ్డితేరిన

'గమనించాల్సింది ఏంటి' అన్నదానికి నేను చెప్తాను. సెల్లార్‌లో ఒక్కటే చూడండి: సీసా ఏ భంగిమలో ఉంది? పడుకుందా, వాలిందా, తలకిందులుగా ఉందా, నిలబడిందా? దాన్నిబట్టి ఏ దశలో ఉందో గైడ్ చెప్పకముందే మీకే తెలిసిపోతుంది.

పడుకున్న సీసాలు. గోడల వెంట వేల సీసాలు అడ్డంగా పేర్చి ఉంటాయి, వరసల మధ్య సన్నటి చెక్క బద్దలు. మూతి దగ్గర చూస్తే కార్కు ఉండదు, సోడా సీసా మూతలాంటి రేకు మూత ఉంటుంది. ఇది రెండో పులియబెట్టడం. మొదట మామూలు తెల్ల వైను తయారైపోయాక, రకరకాల తోటలవీ పాత ఏళ్లవీ కలిపి, లీటరుకి సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్ట్ వేసి సీసాలో బిగిస్తారు. లీటరుకి 4 గ్రాముల చక్కెర పులిస్తే సుమారు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి వస్తుంది. అంటే 24 గ్రాములకి 6. కారు టైరులో గాలి కన్నా రెండున్నర మూడు రెట్లు. ఈ లెక్క తెలియని రోజుల్లో చక్కెర ఎక్కువై సీసాలు పేలేవి. ఒకటి పేలితే పక్కవాటిని కూడా పగలగొట్టేది. అందుకే పనివాళ్లు ఇనప జాలీ ముసుగులు వేసుకుని దిగేవారు. 1836లో షాలోన్‌కి చెందిన ఫ్రాన్స్వా అనే మందుల తయారీదారు వైనులో చక్కెర కొలిచే పద్ధతి చూపించాక పేలుళ్లు తగ్గుముఖం పట్టాయి. మ్యూజియం గదిలో ఆ ముసుగు కనిపిస్తే దాటిపోకండి.

చల్లటి గుహలో ఈ పులియడం నెమ్మదిగా, వారాల తరబడి సాగుతుంది. తర్వాత ఈస్ట్ చచ్చి మడ్డిగా అడుగున పడుతుంది. అసలు రుచి ఇక్కడే పుడుతుంది. మడ్డి మీద కూర్చున్న కాలంలో ఈస్ట్ కణాలు విచ్చిపోయి బ్రెడ్డు, వేయించిన గింజల వాసనలు వైనుకి ఎక్కుతాయి. లేబుల్ మీద పంట ఏడాది వేయని షాంపేన్ సీసాలో పోశాక కనీసం 15 నెలలు సెల్లార్లో ఉండాలి, అందులో 12 నెలలు మడ్డి మీదే. ఏడాది పేరు వేసిన దానికి 3 ఏళ్లు. మంచి హౌస్‌లు ఇంకా చాలాకాలం ఉంచుతాయి. దొంతర ముందు వేలాడే పలక మీద సుద్దతో రాసిన అంకెలుంటాయి, అది ఏ కలయిక, ఎన్ని సీసాలు అన్నదానికి హౌస్ వారి గుర్తు. లేబుళ్లు ఎక్కడా ఉండవు, ఈ తేమలో నెల తిరక్కుండా బూజు పట్టి ఊడిపోతాయి గనక.

వాలిన సీసాలు. గుర్రపు జీనులా రెండు చెక్క పలకలు ఆనించి పెట్టిన స్టాండ్లు, 'పుపిత్ర్' అంటారు. ఒక్కో పలకకి 60 రంధ్రాలు, రెండింటికీ కలిపి 120. సీసా మెడ రంధ్రంలో దూర్చి ఉంటుంది. మనిషి వచ్చి రెండు చేతుల్తో రెండు సీసాలని ఒకేసారి ఎనిమిదో వంతు తిప్పి, కొంచెం కొంచెంగా నిలువు చేసుకుంటూ పోతాడు. అడుగున తెల్ల రంగు గీత ఎందుకంటే ఎంత తిప్పాడో గుర్తుండడానికి. పట్టు ఉన్నవాడు రోజుకి 40,000 సీసాల దాకా తిప్పుతాడంటారు. అయినా మొత్తం మడ్డి మెడలోకి దిగడానికి 4 నుంచి 6 వారాలు.

ఇక్కడ నిజం చెప్పాలి: టూర్లో కనిపించే పుపిత్ర్‌లు చాలాచోట్ల చూపించడానికే. అసలు పని జీరోపాలెట్‌లో జరుగుతుంది, 504 సీసాలు పట్టే ఇనప బోను. మోటారు మీద తిరుగుతూ వారంలో పని ముగిస్తుంది. రుచిలో తేడా రాదు, సీసాకి సీసాకి ఒకేలా వస్తుంది కూడా. చేత్తో తిప్పేది పెద్ద సైజు సీసాలకి, కొన్ని ఖరీదైన వాటికి. 'ఏ వైను ఇప్పటికీ చేత్తో తిప్పుతున్నారు' అని అడగండి. సూటిగా పేరు చెప్పే గైడ్ దగ్గర మిగతా విషయాలు కూడా నమ్మొచ్చు. ఈ దశలో తప్పేదేంటంటే, మడ్డి పొరలా గాజుకి అంటుకుపోవడం. దాన్ని 'మాస్క్' అంటారు. ఎంత తిప్పినా జారదు. అలాంటి సీసా తర్వాత తెరిచినప్పుడు నురగ కట్టలు తెంచుకుంటుంది.

తలకిందుల సీసాలు. ఒకదాని అడుగు గుంటలో ఇంకోదాని మూతి పెట్టి నిలువుగా పేర్చుతారు. మడ్డి అంతా మూత దగ్గరికి చేరింది, ఇక తీసేయడమే మిగిలింది. ఈ స్థితిలో ఏళ్లకేళ్లు ఉండగలవు, హౌస్ పాత నిల్వలన్నీ ఇలాగే.

నిలబడ్డ సీసాలు మీకు గుహలో కనిపించవు, ఎందుకంటే మిగతా పని పైన ఫ్యాక్టరీలో జరుగుతుంది. మెడని మైనస్ 27 డిగ్రీల ద్రావణంలో ముంచితే మడ్డి మంచుముక్కగా గడ్డకడుతుంది. మూత తీయగానే లోపలి ఒత్తిడే దాన్ని బయటికి తన్నేస్తుంది. దీని పేరు డెగోర్జ్‌మాన్. పోయినంత మేర చక్కెర కలిపిన వైను పోసి, కార్కు కొట్టి, తీగ బిగిస్తారు. ఆ చక్కెర కొలతే దోజాజ్. చక్కెర అసలు కలపకుండా లీటరుకి 3 గ్రాములు మించకపోతే బ్రుట్ నాచుర్. 6 లోపు ఎక్స్‌ట్రా బ్రుట్, 12 లోపు బ్రుట్. ఎక్స్‌ట్రా డ్రై అంటే 12 నుంచి 17. పేరులో 'డ్రై' చూసి తీపి ఉండదనుకుంటే మోసపోతారు, అది బ్రుట్ కంటే తియ్యన. డెమి-సెక్ 32 నుంచి 50.

ఇంకొకటి: కింద దీపాలు పసుప్పచ్చగా ఎందుకున్నాయో అడగండి. తెల్లకాంతిలో అతినీలలోహిత కిరణాలు వైనులోని గంధకపు పదార్థాలతో కలిసి ఉడికిన క్యాబేజీ వాసన పుట్టిస్తాయి. పారదర్శకపు సీసాలో నెలలు కూడా అక్కర్లేదు, గంటలు చాలు. ఫ్లాష్ వాడొద్దనేదీ అందుకే అని కొందరు చెప్తారు, ఒక్క ఫ్లాష్‌కి వైనేం పాడైపోదు గానీ ముందున్న మనిషి కళ్లు జిగేల్‌మంటాయి, వాడొద్దు.

ప్రయాణపుసంచి

అందరికీ ధన్యవాదాలు. భంగిమ సంగతి భలే పనికొస్తుంది. రెండు సందేహాలు. రెండు పెద్ద హౌస్‌లు చూస్తే ఒకే కథ రెండుసార్లు విన్నట్టవుతుందా? ఒకరం శాకాహారులం, షాంపేన్‌లో జంతు పదార్థాలు ఉంటాయా?

ఆర్ఎంగాడు

అవుతుంది, అక్షరాలా అవుతుంది. అందుకే ఒక పెద్ద హౌస్, ఒక రైతు, ఇదీ జోడీ.

లేబుల్ మీద కింద చిన్న అక్షరాల్లో రెండక్షరాల కోడు ఉంటుంది. ఎన్.ఎం. అంటే రైతుల దగ్గర ద్రాక్ష కూడా కొని చేసేవాళ్లు, పేరున్న హౌస్‌లన్నీ ఇవే. ఆర్.ఎం. అంటే సొంత ద్రాక్షతో సొంతంగా చేసే రైతు. సి.ఎం. అంటే సహకార సంఘం. ఎం.ఎ. అంటే ఎవరో చేసిన వైను మీద కొన్నవాళ్లు వేసుకున్న బ్రాండు పేరు. ఇది నాణ్యత గుర్తు కాదు, చేసింది ఎవరో చెప్పే గుర్తు.

రైతు దగ్గర సెల్లార్ చిన్నది, ఒక్కోసారి ఇంటి కిందే. కానీ ప్రెస్ చూపిస్తారు, పెద్ద హౌస్‌ల టూర్లో అది చాలావరకు ఉండదు. ఇక్కడ లెక్కంతా 4,000 కిలోల ద్రాక్ష మీద. అన్ని కిలోలకి 2,550 లీటర్ల రసం దాకానే తీయనిస్తారు, మొదటి 2,050 లీటర్లు 'కువే', తర్వాతి 500 లీటర్లు 'తాయ్'. నల్ల ద్రాక్ష నుంచి తెల్ల వైను రావాలంటే తొక్క రంగు రసానికి అంటకుండా మెల్లగా పిండాలి. ఇక్కడి ముఖ్యమైన మూడు ద్రాక్ష రకాల్లో పినో నువార్, మెనియే రెండూ నల్లవే, షార్డొనే ఒక్కటే తెల్లది. ఈ మాట విన్నాక 'బ్లాన్ ద బ్లాన్', 'బ్లాన్ ద నువార్' అన్నవి మంత్రాల్లా అనిపించవు: తెల్ల ద్రాక్షతో తెల్ల వైను, నల్ల ద్రాక్షతో తెల్ల వైను. కారు లేకుండా రైతు దగ్గరికి వెళ్లాలంటే ఎపెర్నే ఊళ్లోనే టేస్టింగ్ గది నడుపుతున్నవాళ్లని వెతకండి. ఈమెయిల్ పంపి సమయం తీసుకోవాలి, నేరుగా పోయి తలుపు తడితే అంత మర్యాదగా ఉండదు. ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్లోనో కోతలు మొదలైతే ఎవరూ దొరకరు, మీరు జూన్ కాబట్టి ఇబ్బంది లేదు.

శాకాహారం గురించి: జంతు పదార్థాన్ని వైనులో భాగంగా కలపరు, సందేహమంతా రసాన్నీ వైన్నీ తేర్చే దశలో వాడే వాటి గురించే. జెలటిన్, చేప బ్లాడరు పొడి, పాలలోని కేసిన్, గుడ్డు తెల్లసొన వాడొచ్చు. బెంటొనైట్ మట్టి, బఠానీ ప్రొటీన్ కూడా వాడొచ్చు. పాలు, గుడ్డు ఆనవాళ్లు మిగిలితే లేబుల్ మీద చెప్పాలి. జెలటిన్‌కి, చేపకి ఆ నియమం లేదు. కాబట్టి లేబుల్ చదివి లాభం లేదు, 'దేంతో తేరుస్తారు' అని అడగాలి. రైతు అయితే అక్కడికక్కడే చెప్తాడు.

తాగేటప్పుడు: మొదటి గ్లాసు మరీ చల్లగా వస్తే కాసేపు ఆగండి. 8 నుంచి 10 డిగ్రీలు బాగుంటుంది, పాతవైతే ఇంకో రెండు డిగ్రీలు. సన్నటి పొడుగు ఫ్లూట్‌లో బుడగలు బాగా కనబడతాయి, వాసన మాత్రం దొరకదు. మధ్యలో ఉబ్బి పైన సన్నబడిన గ్లాసు అడగండి. వరసగా వస్తే తక్కువ తీపి నుంచి ఎక్కువ తీపికి. ఉమ్మడానికి పాత్ర ప్రతిచోటా ఉంటుంది, పేరు క్రాశువార్. దాన్ని వాడితే ఎవరూ తప్పుగా అనుకోరు, పైగా పని తెలిసినవాడనుకుంటారు. అడగాల్సినవి: డెగోర్జ్‌మాన్ ఏ నెలలో, కలయికలో ముఖ్యమైన ఏడాది ఏది, పాత నిల్వ వైను ఎంత శాతం, దోజాజ్ ఎన్ని గ్రాములు. రైతుల సీసాల వెనక లేబుల్ మీద ఈ నాలుగూ రాసి ఉండటం మామూలే.

మీలో తాగనివారికి పూర్తి టికెట్ కొనే ముందు తగ్గింపు టికెట్ ఉందేమో చూడండి, టేస్టింగ్ లేని రేటు కొన్నిచోట్ల ఉంటుంది. ఒక గ్లాసుతో మామూలు టూరు చాలాచోట్ల 25 నుంచి 50 యూరోల మధ్య, పేరు మోసిన సీసాల టూర్లు దానికి బాగా పైన. పై రకం టూర్లలో చూపించే గుహ మామూలుగా అదే, గ్లాసులోదే వేరు.

సుద్దగని

ఇంకో మాట, గైడ్లు కూడా చేసే పొరపాటు కాబట్టి. షాంపేన్ బుడగల్ని కనిపెట్టింది దోం పెరిన్యోన్ అనే సన్యాసి కాదు. ఆయన 1668 నుంచి 1715లో చనిపోయేదాకా ఓవీలే మఠంలో సెల్లార్ అధికారి. రకరకాల తోటల ద్రాక్షని కలపడంలో దిట్ట. బుడగలు ఆ రోజుల్లో లోపం కింద లెక్క. వైనుకి చక్కెర చేరిస్తే పొంగుతుందని 1662లోనే లండన్ రాయల్ సొసైటీలో క్రిస్టఫర్ మెరెట్ చదివిన పత్రంలో ఉంది. ఓవీలే చర్చిలో పెరిన్యోన్ సమాధి చూడాలనుంటే ఎపెర్నే నుంచి 6 కిలోమీటర్లు, రైలు లేదు. ఒక్కరోజులో దాన్ని ఇరికించొద్దు.

తాగనివారికి ఇంకో ఆసక్తికరమైన విషయం: మొదటి ప్రపంచయుద్ధంలో రీమ్స్ మీద బాంబులు పడుతుంటే జనం ఈ సెల్లార్లలోనే తలదాచుకున్నారు, పిల్లలకి బడులు కూడా అక్కడే నడిచాయి. గోడల మీద గీసిన పేర్ల గురించి అడగండి. వానొచ్చి ఎక్కడికీ కదలలేకపోతే ఎపెర్నేలో షాతో పెర్రియేలో వైన్ మ్యూజియం ఉంది, మెట్లు లేకుండా లిఫ్టులోనే తిరగొచ్చు.

రైలుగీత

సీసాలు కొనే సంగతి మిగిలింది. హౌస్ దుకాణంలో ధర సూపర్ మార్కెట్ కంటే తక్కువ ఉంటుందనుకోకండి, మామూలు బ్రుట్ అయితే చాలాసార్లు ఎక్కువే. అక్కడ కొనాల్సింది బయట దొరకనిది, లేదా రైతు దగ్గరిది. నిండు సీసా కిలోన్నర పైనే తూగుతుంది, ఖాళీ గాజే 835 గ్రాములు. మూడు సీసాలంటే 5 కిలోలు, మీ సంచి బరువు లెక్కలో వేసుకోండి.

చేతిసంచిలో కుదరదు, 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం కదా. చెక్-ఇన్ సంచిలో పెట్టండి. విమానంలో సామాను పెట్టే చోట కూడా గాలి ఒత్తిడి నిలిపి ఉంచుతారు కాబట్టి సీసా పేలదు, 6 అట్మాస్ఫియర్లు తట్టుకునే గాజుకి అదో లెక్క కాదు. పగిలేది దెబ్బ తగిలి. అందుకే సీసాకి సీసా తగలకుండా, సంచి గోడకి ఆనకుండా మధ్యలో, బట్టల్లో చుట్టి పెట్టాలి. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నవాటికి విమాన భద్రతా నిబంధనల్లో పరిమాణపు హద్దు లేదు. దిగే దేశపు కస్టమ్స్ హద్దు వేరు, అది విడిగా చూసుకోండి.

యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్లు ఒకే దుకాణంలో 100 యూరోలు దాటి కొంటే పన్ను వెనక్కి వస్తుంది, 'డెటాక్స్' అంటారు. కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపించి ఫారం తీసుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. విమానాశ్రయంలో సంచి అప్పగించకముందే 'పాబ్లో' యంత్రంలో ఫారం స్కాన్ చేయాలి. సంచి బెల్టు మీద పోయాక గుర్తొస్తే, కస్టమ్స్ వాళ్లు సరుకు చూపించమంటే చూపించడానికి ఏమీ ఉండదు. చిన్న రైతులు కొందరికి ఈ ఫారాలు ఉండవు, డబ్బు కట్టే ముందే అడగండి.

ఇంటికి చేరాక ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచి తెరవండి. తీగకి ఆరు అర-మలుపులు ఉంటాయి, అవి విప్పేటప్పుడు కూడా బొటనవేలు కార్కు మీద నుంచి తీయొద్దు. కార్కు పట్టుకుని సీసాని తిప్పాలి, కార్కుని కాదు.

ప్రయాణపుసంచి

ఖాయం చేసుకున్నాం: పొద్దున టైటింగే పదిన్నర, మధ్యాహ్నం టీఈఆర్‌లో ఎపెర్నే, మూడింటికి అవెన్యూ పక్క వీధిలో ఒక ఆర్.ఎం. దగ్గర. టైటింగేలో ఎన్ని మెట్లు దిగాలో మెయిల్ పెట్టి అడిగాం. ఎక్కువని జవాబొస్తే మోకాళ్లావిడా, తాగని ఆయనా ఆ గంటన్నరా రీమ్స్ కతీడ్రల్లో చిత్రకారుడు షగాల్ గాజు కిటికీలు చూస్తూ కూర్చుంటారట. ఆవిడ మాట అది, మేమడగలేదు.